మొగులయ్య కారుకు మూఢం వచ్చింది

ఇంద్రేశం మొగులయ్యకు జీవితంలో ఒకే ఒక్క కోరిక. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తన చేతుల్లో ఉన్న బండి నూరు దాటాలి. ఇంతకంటే పనికిమాలిన కోరికలతో బతికేవాళ్లు లోకంలో బోలెడుమంది ఉన్నారు కాబట్టి దీన్ని తప్పు పట్టనక్కర్లేదు. కానీ అది ఎవరికి పుట్టిందో చూస్తే మాత్రం నవ్వు ఆపుకోవడం కష్టం. ఆయన పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక గాజుసీసాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఫోర్క్‌లిఫ్ట్ నడిపాడు. ముందు రెండు ఇనుప కొమ్ములతో సామాను ఎత్తి మోసే బండి అది. లోపల దాన్ని గంటకు ఎనిమిది కిలోమీటర్లు మించి నడపనివ్వరు. క్యాంటీన్ నుంచి టీ పట్టుకుపోయే మనిషి కూడా దాన్ని దాటేసి పోతుంటాడు.

"ఎత్తేటివి సీసాలాయె, అందుకే ఊకుంటున్న. లేకుంటే నేనేందో సూపిస్తుంటి," అని షిఫ్టు వదిలాక టీ కొట్టు దగ్గర ఆయన ముప్ఫై ఏళ్లు చెప్పాడు. టీ డబ్బులు ఆయనే ఇచ్చేవాడు కాబట్టి అందరూ నమ్మేవారు.

ఇంటికి రావడానికి ఒక మోపెడ్ ఉండేది. వెనక భార్య కౌసల్య ఎక్కితే అది నడిచేది. ఆమెతోపాటు బియ్యం బస్తా కూడా ఎక్కితే ఆలోచించేది. కొల్లూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మొగులయ్య రోగం ముదిరింది. దాని మీదికి రెండు చక్రాల బండ్లను రానివ్వరు. ఆయన కింద సర్వీసు రోడ్డు మీద మోపెడ్ ఆపుకుని, పైన రివ్వున పోయే కార్లను మెడ నొప్పిపుట్టేదాకా చూసేవాడు. "గా స్టీరింగ్ ఒక్కసారి నా చేతికిస్తే..." అని ఎవరు పక్కన ఉంటే వాళ్లకు చెప్పేవాడు. ఎవరూ లేకపోతే మోపెడ్‌కు చెప్పేవాడు.

ఫ్యాక్టరీ గోదాములో ఒక మూల, టార్పాలిన్ కింద, ఓనరు గారి కాలం చేసిన తండ్రి కారు ఉండేది. ఎర్రది, రెండే తలుపులు, రెండే సీట్లు, మడిచి వెనక్కు తోసేసే గుడ్డ కప్పు. ఎప్పుడో ఇంగ్లండులో పుట్టి, ఏ దొర వెంటో ఇక్కడికి వచ్చి, చేతులు మారి మారి ఆ మూలకు చేరిన స్పోర్ట్స్ కారు అది. గోదాము సర్దిన ప్రతిసారీ మొగులయ్యే దాన్ని తన ఇనుప కొమ్ముల మీద ఎత్తుకుని ఈ మూల నుంచి ఆ మూలకు మోసేవాడు. ఎత్తేటప్పుడు దించేటప్పుడు సీసాలకు కూడా చూపించనంత ప్రేమ చూపించేవాడు.

రిటైరయ్యే రోజున అందరికీ శాలువా, గోడ గడియారం ఇస్తారు. మొగులయ్య ఆ కారు అమ్ముతారా అని అడిగాడు. ఓనరు గారు బేరమాడలేదు. ఆలోచించుకుని చెప్తాననలేదు. మధ్యాహ్నానికల్లా కాగితాలు తెప్పించి, సాయంత్రానికి కారును తానే మనుషులను పెట్టి గేటు బయటికి తోయించాడు. ఆ తొందర చూసైనా మనిషన్నవాడికి అనుమానం రావాలి. మొగులయ్యకు ఆనందబాష్పాలు వచ్చాయి.

ఇంటి ముందు ట్రాలీలోంచి దించిన కారు చుట్టూ కౌసల్య ఒకసారి తిరిగి చూసింది.

"ఇంట్ల ముగ్గురమున్నం. దీంట్ల ఇద్దరే పడ్తరు. మూడో మనిషిని ఏం జేద్దామనుకున్నవ్?"

"నాకు కంపెనీ బస్సున్నది, నన్ను లెక్కల వట్టకుండ్రి," అంది కూతురు తనుశ్రీ. ఆ పిల్లకు మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. బుద్ధి కూడా ఉంది.

బీరంగూడ గుట్ట దగ్గర పూజ చేయించారు. అయ్యగారు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, "నాయనా, ముందుకు పోనియ్యి," అన్నారు. కారు పోలేదు. ఆరుగురు కలిసి తోస్తే గానీ నిమ్మకాయలు నలగలేదు. వంద దాటాల్సిన బండి మొదటి రోజు ఒక జానెడు ప్రయాణం చేసి, కిందంతా నల్లగా నూనె కార్చుకుని అలసిపోయింది.

అక్కడినుంచి అది కమాలుద్దీన్ షెడ్డుకు చేరింది. కమాలుద్దీన్ పటాన్‌చెరులో పాత మెకానిక్కు. చేతిలో విద్య ఉంది, నోట్లో 'కాదు' అనే మాట లేదు. "అయితది మొగులన్నా, జెర టైం ఇయ్యి," అనేవాడు. ఆయన 'జెర' కొన్నిసార్లు ఆరు వారాలు, కొన్నిసార్లు మూడు నెలలు. ఆ కారు సామాన్లు మన దేశంలో దొరకవు. వాళ్ల దేశంలో కూడా ముసలివాళ్ల దగ్గరే దొరుకుతాయట. అందుకని కమాలుద్దీన్ దానికి పటాన్‌చెరు అవయవాలు పెడుతూ పోయాడు. ట్రాలీ ఆటో ఫ్యాను వచ్చింది. ట్రాక్టరు పంపు వచ్చింది. ఒక వాషరు దొరక్క లేతు మీద తానే తిప్పి చేశాడు. హారను మాత్రం ఏదో లారీది దొరికింది. దాంతో ఇంత చిన్న కారు ఇంత పెద్ద గొంతుతో అరిస్తే గేదెలు కూడా వెనక్కు తిరిగి చూసేవి. ఒకటి బాగుచేస్తే ఇంకోటి పోయేది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెతను మన పెద్దలు ఈ కారును చూసే పుట్టించారేమోనని కౌసల్య అనుమానం. ఆమె రొట్టెలు చేసే పాత పెనాన్ని నూనె చుక్కల కింద పెట్టి, ఇంటి గచ్చును కాపాడుకుంది.

ఎనిమిది నెలలకు కారు తనంతట తాను నడిచి ఇంటికి వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఔటర్ ఎక్కాలని మొగులయ్య బట్టలు ఇస్త్రీ చేయించుకున్నాడు. ఆ సాయంత్రమే కౌసల్య తమ్ముడు రాంచందర్ వచ్చాడు.

"బావా, మా పోరని లగ్గం ఎల్లుండి. నీ టాపు లేని కారుంటే బరాత్ మస్తుగుంటది. ఒక్క రాత్రే."

మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత ఉండనే ఉంది. బావమరిదికి కాదనగలడా? ఆ ఒక్క రాత్రి ఇంద్రేశం, పక్క ఊళ్లు, బీరంగూడ కాలనీలు అన్నీ ఆ కారును చూశాయి. ఇక చూడండి. లగ్గం కుదిరితే ముందు అయ్యగారి దగ్గరికి పోయేవాళ్లు కాస్తా ముందు మొగులయ్య ఇంటికి రావడం మొదలుపెట్టారు. పైసలు తీసుకుని ఇస్తే కనీసం కిరాయి బండి అనిపించుకునేది. అందరూ చుట్టాలే, అందరూ ఊరివాళ్లే, కాబట్టి ఒక శాలువా కప్పి, పప్పన్నం పెట్టి పంపేవారు. రెండేళ్లలో ఇంట్లో శాలువాలు పెట్టుకోవడానికి బీరువా చాలలేదు.

బరాత్ అంటే తెలుసు కదా. ముందు డీజే బండి, దాని వెనక ఎగిరేవాళ్లు, వాళ్ల వెనక కారు. అడుగు వేయడం, ఆగడం. పాట మారినప్పుడల్లా ఇంకాస్త ఆగడం. సీట్లు రెండే గనుక పెళ్లికొడుకు, పెళ్లికూతురు వెనక డిక్కీ మూత మీద ఎక్కి కూర్చునేవారు. పెళ్లికొడుకు కొత్త బూట్లు సరిగ్గా మొగులయ్య భుజం దగ్గరికి వచ్చేవి. పక్క సీటులో ఎప్పుడూ ఎవరి మేనత్తో ఒళ్లో పళ్లబుట్టతో ఉండేది. కౌసల్యకు ఆ సీటు ఒక్కసారి కూడా దక్కలేదు. గాలి తగలక ఇంజను సలసల కాగేది. అందుకని కమాలుద్దీన్ నీళ్ల క్యాను పట్టుకుని పక్కనే నడిచేవాడు. పెళ్లివాళ్లు ఆయన్నూ బ్యాండు మనిషే అనుకుని, ఇరవై నోటు పెళ్లికొడుకు తల చుట్టూ తిప్పి ఆయన జేబులో పెట్టేవారు.

ఈ లెక్కన ఫోర్క్‌లిఫ్టే నయం. అది ఎనిమిది మీద పోయేది. ఇది మూడు దాటలేదు.

"లగ్గాలు లేని రోజులు ఎప్పుడొస్తయే?" అని మొగులయ్య ఒకరోజు కౌసల్యను అడిగాడు.

"మూఢంల."

మూఢం అంటే శుక్రుడో గురుడో సూర్యుడి వెనక్కు పోయి కనబడని రోజులు. శుభకార్యాలు చేయరు. ఊరంతా మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తే, మొగులయ్య ఎప్పుడు వస్తుందా అని పంచాంగం చూడటం నేర్చుకున్నాడు. వచ్చింది. మొదటి రోజే కమాలుద్దీన్ ఇంటికి వచ్చి, కూర్చోకుండా గడపలోనే నిలబడ్డాడు.

"మొగులన్నా, మా అక్క కొడుకు తారిఖ్‌ది షాదీ. బరాత్‌కు జెర మన కారు..."

"మూఢం గద కమాల్ భాయ్?"

"మాకు మూఢం ఉండదన్నా."

నిజమే, ఉండదు. తారిఖ్ అయ్యాక తారిఖ్ దోస్తు. ఆ తర్వాత దోస్తు తమ్ముడు. వాళ్లయ్యాక పటాన్‌చెరు చర్చిలో పెళ్లిళ్లు రెండు. అప్పటికి మూఢం పోయి, మళ్లీ మన లగ్గాలు వచ్చాయి. సర్వమత సమానత్వం మీద ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఆ కారును ఒకసారి చూసి పోతే బాగుండేది.

మరుసటి మార్చిలో ఎవరూ ఊహించనిది జరిగింది. రంజాన్ నెల నడుస్తోంది, షాదీలు లేవు. చర్చివాళ్లకు ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు, పెళ్లిళ్లు లేవు. ఆ మధ్యలో పదిరోజుల శుక్రమూఢం వచ్చి పడింది. మూడు మతాలూ ఏకమై ఒక మనిషికి పదిరోజులు సెలవిచ్చాయి.

కమాలుద్దీన్ ఉపవాసంతోనే వారం రోజులు కారు కింద పడుకుని పనిచేశాడు. ఏళ్లుగా చచ్చిపడి ఉన్న స్పీడు ముల్లుకు కొత్త కేబుల్ వేసి, మైళ్ల డయలు తీసి కిలోమీటర్లది పెట్టాడు. "ఇగ దీనిల ఏ ఖరాబీ లేదు. నూరు గాదు, నూటపది బీ పోతది. నా జిమ్మా," అన్నాడు. ఆయన అంత గట్టిగా మాట ఇవ్వడం అదే మొదటిసారి.

ఆదివారం పొద్దున్నే మొగులయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని భార్య ముందు నిలబడ్డాడు.

"నడువు."

"మూఢంల కొత్త పని మొదలువెట్టద్దంటరు."

"కొత్తదెక్కడిది? రెండేండ్ల కిందటిది."

కౌసల్య ఏమనుకుందో, తలకు చున్నీ కట్టుకుని, అలవాటుగా నీళ్ల సీసా పట్టుకుని ఎక్కింది. ఆ సీటు ఇంత లోతుగా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

కొల్లూరు దగ్గర ఔటర్ ఎక్కారు. రోడ్డు ఖాళీగా, నున్నగా ఉంది. ఇంజను ఏ దగ్గూ లేకుండా పాడుతోంది. వేడి ముల్లు మధ్యలోనే నిలబడింది. నలభై. యాభై. అరవై. అరవై రెండు దగ్గర మొగులయ్య కుడికాలు దానంతటదే పైకి లేచింది.

ఆయన మళ్లీ తొక్కాడు. అరవై అయిదు. గాలి ముఖాన కొట్టింది, స్టీరింగ్ కొంచెం వణికింది, కాలు మళ్లీ లేచింది. వెనకనుంచి ఒక లారీ హారను కొట్టుకుంటూ దాటిపోయింది. మూడోసారి అరవై కూడా రాలేదు. ఆయన లారీలు ఆగే చోట కారు పక్కకు తీసి ఆపాడు.

"ఏందో సౌండ్ వస్తున్నది," అన్నాడు.

కౌసల్య చెవి పెట్టి వింది. "ఏం సౌండ్ లేదు."

మొగులయ్య వేడి ముల్లు చూశాడు. దిగి టైర్లు చూశాడు. కిందికి వంగి నూనె కోసం వెతికాడు. ఒక్క చుక్క లేదు. ఇన్నాళ్లూ అడ్డం పడ్డ సీసాలు, బరాత్‌లు, మేనత్తలు ఎవరూ అక్కడ లేరు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. చేతులు ఇస్త్రీ చొక్కాకు తుడుచుకున్నాడు.

"భయమైతున్నదే," అన్నాడు. "నాతోని గాదు. ముప్ఫై ఏండ్లు ఊకె మాటలు జెప్పిన."

ఆయనకు నిజంగా సిగ్గేసింది. భార్య ముందు ఇంత సిగ్గు పెళ్లిచూపుల్లో కూడా పడలేదు. కౌసల్య నవ్వలేదు. దెప్పలేదు. ఇన్నేళ్లుగా దాచుకున్న మాటలు వంద ఉండి ఉంటాయి, ఒక్కటీ అనలేదు. సీసా మూత తీసి నీళ్లిచ్చింది. ఆయన తాగాక, "మెల్లగ పోదాం తియ్యి," అంది. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, సర్వీసు రోడ్డు మీద నలభైలో ఇల్లు చేరారు.

గేటు ముందు అరుగు మీద కమాలుద్దీన్ ఎదురుచూస్తూ కూర్చున్నాడు. రాంచందర్ వచ్చాడు. వాడకట్టు సగం వచ్చింది. తనుశ్రీ ఫోను పట్టుకుని వీడియో తీస్తోంది.

"బావా, ఎంత కొట్టినవ్?"

మొగులయ్య నోరు తెరిచాడు. ముప్ఫై ఏళ్లు టీ కొట్టు దగ్గర అలవోకగా అబద్ధాలాడిన నోరు అది.

"నూటపది," అంది కౌసల్య తలుపు తీసుకుని దిగుతూ. "నేనే సూసిన ముల్లు. ఆపు ఆపుమని మొత్తుకున్నా ఇనలే. నా పానం పోయినంత పనైంది."

వాడకట్టంతా ఒక్కసారి గోల చేసింది. కమాలుద్దీన్ లేచి వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. ఏ బండి ఎంత పరుగెత్తి వచ్చిందో ముట్టుకుని చెప్పగల చెయ్యి అది. కాసేపు అలాగే ఉంచి, కౌసల్య ముఖంలోకి చూశాడు. ఆమె కళ్లు దించలేదు.

"సహీ బాత్ వదినా," అన్నాడు. "ఇంజినే జెప్తున్నది. నూటపదికి తక్కువ లేదు."

మొగులయ్య స్టీరింగ్ వదలకుండా సీటులోనే కూర్చున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా చేతకాలేదు.

"నూటపది మీద, టాపు లేని కారుల," అన్నాడు రాంచందర్ అందరికీ వివరిస్తూ. "గాలికి కండ్లల్ల నీళ్లు రావా మరి?"