కుడివైపు వదులు

మా నాన్న చెల్లెలిని మేమంతా టేపత్త అంటాం. బట్టలు కుట్టే మనిషి. నిద్రలో తప్ప ఆమె మెడలోంచి కొలతల టేపు దిగదు. నిద్రలో కూడా దిగదని మా అమ్మ వెక్కిరించేది. వదినా ఆడబిడ్డలంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, వీళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు జవదాటేవాళ్లు కాదు. మా కొంప ముంచింది అదే.

అమ్మకో నమ్మకం ఉండేది. రోగానికి పేరు పెట్టి పిలిస్తే దానికి పీట వేసి కూర్చోబెట్టినట్టేనని. మా ఇంట్లో జ్వరాన్ని జ్వరం అనకూడదు, ఒళ్లు వెచ్చబడింది అనాలి. డాక్టరు చేసే మొదటి పని పేరు పెట్టడమే కాబట్టి అమ్మ ఆ గుమ్మం ఎక్కేది కాదు. మేం నవ్వుకునేవాళ్లం.

ఒకసారి అమ్మ జాకెట్టుకు కొలతలు తీస్తుంటే కుడి చంక కింద అత్త చేతికి గడ్డ తగిలింది.

"ఇదేంటి వదినా?"

"దానికి పేరు లేదు. నువ్వు పెట్టకు. మీ అన్నయ్యకి చెప్పావంటే నా మీద ఒట్టే."

"ఒక్కసారి చూపిద్దాం."

"నా ఒంటి సంగతి నాకొదిలెయ్. నువ్వు కుట్టు, చాలు."

అత్త కుట్టింది. కుడివైపు కుట్టు విప్పి, లోపల మడిచి ఉంచిన గుడ్డ వదిలి, మళ్లీ కుట్టింది. గడ్డ పెరిగినకొద్దీ వదులు పెంచింది. ఆ పనితనానికి దండం పెట్టాలి, ఒకే ఇంట్లో తిరిగే నాన్నకి గానీ నాకు గానీ అనుమానం రాలేదు.

అమ్మ వంటింట్లో కూలిపోయిన రోజు ఆస్పత్రివాళ్లు జాకెట్టు కత్తిరించి చూశారు. ఇంత ఆలస్యమా అన్నారు. నెల తిరక్కుండానే అమ్మ పోయింది. ఆ జాకెట్టుకు కుడివైపు మాత్రమే విప్పి విప్పి వేసిన కుట్లు చూసిన నాన్న చెల్లెలితో మాట మానేశాడు.

నేను ఉండబట్టలేక అత్త షాపుకు వెళ్లాను.

"చెప్పుంటే మీ అమ్మ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు. చెప్పలేదని మీ నాన్న తొక్కనివ్వడం లేదు," అంది.

నాకు ఒళ్లు మండింది. ఆమె మొహం చూస్తే ఏడుపూ వచ్చింది. ఒకరి నమ్మకాన్ని గౌరవించడం మంచి గుణమేనని ఇప్పటికీ అనుకుంటాను. కానీ నాకు మా అమ్మ కావాలి.

"అమ్మకి భయం వెయ్యలేదా అత్తా?"

అత్త మిషను ఆపింది.

"కొలతలైపోయినా వెంటనే వెళ్లేది కాదే. చెయ్యి పైకెత్తి అలాగే నిలబడేది, నా మొహంలోకి చూస్తూ. ఇంకోసారి అడుగుతానేమోనని చూసేదేమో. మాటిచ్చాను కదా అని నేను తల వంచుకుని గుడ్డ మీద గీతలు గీసుకునేదాన్ని."