మూర్తిగారి వన్స్‌మోర్

మా ఆయన రామచంద్రమూర్తికి నాటకాల మీద ఉన్నన్ని అభిప్రాయాలు ఇంటి మీద ఉంటే, మేమీపాటికి మేడ కట్టుకుని ఉండేవాళ్లం. ఇరవై రెండేళ్లుగా నాంపల్లిలో అదే కిరాయి ఇల్లు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్లవారీగా విడదీస్తూ సర్వీసంతా గడిపి రిటైరయ్యారు. ఇప్పుడు ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత నాటకాల పుస్తకాలు వెతుక్కుంటారు. సాయంత్రం పబ్లిక్ గార్డెన్స్ దగ్గరి హాల్లో నాటకం ఉంటే మూడో వరుస చివరి కుర్చీలో కూర్చుంటారు. పక్క కుర్చీ నాది. నేను అడిగి తెచ్చుకున్నది కాదు.

ఆయన తీర్పుకు అప్పీలు లేదు. కిరీటం పెట్టుకున్నవాడి మణికట్టు మీద వాచీ మచ్చ కనిపించిందా, ఆ రాజు పదవి ఊడినట్టే. పద్యం అయిపోయాక కూడా రాగం సాగదీస్తూ జనం ముఖాలు చూసేవాడిని, "పాడమంటే ఊపిరి ఎంతసేపు బిగబట్టగలడో చూపిస్తున్నాడు" అంటారు. ఆ మధ్య మా అమ్మాయి భవ్యశ్రీ మమ్మల్నొక మ్యూజికల్‌కు తీసుకెళ్లింది. కుర్రకారు చెంపలకు మైకులు అంటించుకుని ఆడుతూ పాడారు. వెనక రంగురంగుల వెలుగులు. ఎలా ఉంది నాన్నా అని అది ఆశగా అడిగితే, "లైట్లు చాలా బాగా నటించాయమ్మా" అన్నారు. అది వారం రోజులు ఫోను చేయలేదు. అదే నాటకంలో ముసలమ్మ వేషం వేసిన అమ్మాయి మాత్రం, తన మాట లేనప్పుడు కూడా ముసలమ్మలాగే నిలబడిందట. ఆ పిల్ల పేరు కనుక్కుని మరీ మెచ్చుకుంటూ కార్డు రాశారు.

పద్యనాటకంలో పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ అని అరుస్తారు. అరిస్తే నటుడు మళ్లీ పాడాల్సిందే. కొందరు ప్రతి పద్యానికీ అరుస్తారు, చేతులకు పని లేని వాళ్లు చెవులు గోక్కున్నట్టు. మా ఆయన ఏడాదికి రెండుసార్లు అంటే గొప్ప. అందుకే తెర లేవకముందు నటులు తెర సందులోంచి తొంగి చూసి, మూర్తిగారొచ్చారా అని అడుగుతారు.

ఆయన ఎన్నడూ తప్పకుండా వన్స్‌మోర్ అన్నది ఒక్క రూఫస్ అన్నయ్య పద్యానికే. రూఫస్ అన్నయ్యది మెదక్. రైల్వేలో చేసి సికింద్రాబాదులో స్థిరపడ్డాడు. ఆదివారం పొద్దున చర్చిలో పాడి, సాయంత్రం రాజు వేషం కడతాడు. కరువులో కిరీటం అమ్మి జనానికి గింజలు పెట్టిన రాజు వేషం అది. మూడో రంగంలో కిరీటం తీసి పళ్లెంలో పెడుతూ ఒక పద్యం పాడతాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ పద్యం అయ్యీకాగానే మా ఆయన లేచి వన్స్‌మోర్ అనడం, ఆ వెనక హాలంతా అందుకోవడం ఆనవాయితీ. ఆయన అనేదాకా ఎవరూ నోరు తెరవరు. చుట్టరికమేమీ లేదు గానీ, ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకుంటారు.

పోయినేడు రూఫస్ అన్నయ్య గొంతులో గడ్డ తీశారు. పద్నాలుగు నెలలు వేషం కట్టలేదు. ఈమధ్యే మళ్లీ ఆదివారానికి నాటకం పెట్టుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం వాళ్లావిడ రత్నమణి ఆటో దిగి మా ఇంటికి వచ్చింది. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"వదినా, అన్నకు జర నువ్వే చెప్పాలె. డాక్టర్ పాడుమన్నడు గని, ఒక్కపారే పాడుమన్నడు. అన్న వన్స్‌మోర్ అంటే ఈయన ఆగుతడా? ఆగడు. మళ్ల గొంతు పోతే ఇగ పోయినట్టే అన్నడు డాక్టర్."

పక్క గదిలోంచి మా ఆయన వచ్చి నిలబడ్డారు.

"నోరు విప్పను చెల్లెమ్మా," అన్నారు.

"నేనొచ్చి చెప్పినట్టు ఆయనకు తెల్వద్దన్నా."

ఆమె వెళ్లిన దగ్గర్నుంచి మొదలైంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "నేను అనకపోతే గొంతు పోయిందనుకుంటాడే. మళ్లీ స్టేజీ ఎక్కడు. అంటే నిజంగానే గొంతు పోతుంది" అని ఒకటే నస.

"పోనీ వెళ్లడం మానేద్దాం," అన్నాను.

"నా కుర్చీ ఖాళీగా కనిపిస్తే ఇంకా బాగుంటుందా?"

ఆ రెండు రోజులూ ఆయన సరిగా అన్నం తినలేదు. నాకు ఇంకో భయం. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, అలవాటు కొద్దీ లేచి అరిస్తే? ఆదివారం బయల్దేరేటప్పుడు ఒక నువ్వుండ చేతిలో పెట్టి, పద్యం చివరికి రాగానే నోట్లో వేసుకోండి అని చెప్పాను. మామూలుగా అయితే విసుక్కునేవారు. ఆ రోజు బుద్ధిగా తీసుకున్నారు.

మూడో రంగం వచ్చింది. అన్నయ్య కిరీటం తీసి పద్యం ఎత్తుకున్నాడు. పాత గొంతు కాదది. కింది శ్రుతి, కాస్త బొంగురు. పాదం చివర రాగం తీయకుండా, మనిషి మనిషితో చెప్పినట్టు ఒక్కొక్క మాటా దించి పెట్టాడు. పద్దెనిమిదేళ్లలో అంత బాగా నేను వినలేదు. పక్కకు చూస్తే మా ఆయన కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయి ఉన్నారు.

పద్యం అయిపోయింది. హాలంతా మా మూడో వరుస వైపు చూసింది. మా ఆయన కదల్లేదు. వెనక ఎవరో "వన్స్..." అని మొదలుపెట్టారు. చిన్నపిల్లల్ని గదమాయించినట్టు వెనక్కి తిరిగి ఒక చూపు చూశాను. ఆ గొంతు అక్కడే ఆగిపోయింది. స్టేజీ మీద అన్నయ్య కిరీటం ఉన్న పళ్లెం పట్టుకుని మా ఆయన్నే చూస్తున్నాడు. ఎంతసేపో చూశాడు. ఆ తర్వాత మంత్రి వైపు తిరిగి, తర్వాతి మాట అందుకున్నాడు.

"చంపేశాను కామాక్షీ," అన్నారు మా ఆయన, చాలా మెల్లగా.

నాటకం అయ్యాక ఇంటికి పోదామన్నారు. నాకు ఒళ్లు మండింది. మాట ఇచ్చి నిలబెట్టుకున్న మనిషి దొంగలా పోవడమేమిటి? చెయ్యి పట్టుకుని గ్రీన్‌రూములోకి లాక్కెళ్లాను. అన్నయ్య ముఖానికి కొబ్బరినూనె రాసుకుని రంగు తుడుచుకుంటున్నాడు. రత్నమణి ఫ్లాస్కులోంచి వేడినీళ్లు వంచుతోంది.

"బావా, పద్యం..." అని మొదలుపెట్టి మా ఆయన ఆగిపోయారు.

"ఎంత భయపెట్టినవు బావా," అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి. "నువ్వు ఎప్పుడు లేస్తవో ఏమో అని నీ దిక్కే చూసుకుంట నిలబడ్డ. నువ్వు లేస్తే నేను ఆగుతనా? పాడుడే."

మా ఆయనకు అర్థం కాలేదు.

"రత్నమణిని పంపింది నేనే. నేను పంపిన్నని చెప్పకుమన్న. రాజు వేషం కట్టేటోణ్ని, నన్ను వన్స్‌మోర్ అడగొద్దని నేనే ఎట్ల చెప్పాలె? సిగ్గు గాదా?"

రత్నమణి మాకు ముఖం చూపించకుండా నవ్వుకుంది. మా ఆయన అక్కడున్న ట్రంకుపెట్టె మీద కూలబడ్డారు. పిడికిలి విప్పితే నువ్వుండ పొడి పొడి అయి ఉంది. నోట్లో వేసుకోవడం మరిచిపోయి, గంటన్నరపాటు దాన్ని అలాగే నలిపారు. నాకు శుక్రవారం నుంచి పట్టుకున్న బెంగ తీరింది. ఇద్దరినీ నాలుగు తిట్టాలనీ అనిపించింది. మహానుభావులు, ఒక్క ఫోను చేసుకుంటే పోయేది.

"పద్యం మాత్రం ఇన్నేళ్లలో ఇదే బాగుంది. రాగం తీయలేదు నువ్వు," అన్నారు మా ఆయన.

"తీసేటందుకు గొంతు లేకుండె బావా."

"ఇంకెప్పుడూ తీయకు."

అన్నయ్య వేడినీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "ఇప్పుడు అను," అన్నాడు. "మెల్లగ అను. నేనే వినాలె."

మా ఆయన లేచి, హాల్లో లేచినట్టే నిటారుగా నిలబడి, "వన్స్‌మోర్" అన్నారు. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు. అన్నయ్య కూడా లేచాడు. సగం ముఖానికి ఇంకా రాజు రంగు ఉంది. రెండు చేతులూ జోడించాడు.

"ఇయ్యాల గాదు బావా," అన్నాడు. "వచ్చే నెల ఇరవైకి మళ్ల ఉన్నది."