మూడు పాయింట్ పది

నవనీతది గోపన్‌పల్లి. మాదాపూర్‌లో ఆస్పత్రి ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. కొత్త వెర్షన్లు ఆస్పత్రులకు పంపడం ఆమె పని. ఉన్నవాటిలో ఏది కొత్తదో తేల్చి పంపేది పెర్ల్ భాషలో రాసిన ఒక పాత స్క్రిప్టు. రాసినవాడు ఎప్పుడో మానేశాడు. ఆ భాష తెలిసింది ఆఫీసులో ఆమెకొక్కదానికే.

ఓ రోజు దాన్ని తెరిచి చదివితే తప్పు కనిపించింది. అది వెర్షన్లను సంఖ్యలుగా కాక అక్షరాలుగా పోల్చి వరస పెడుతోంది. వెర్షన్లలో 3.9 తర్వాత వచ్చేది 3.10, అంటే పదోది; ఇది మాత్రం చుక్క తర్వాత మొదటి అక్షరమే చూసి, 1 కన్నా 9 పెద్దది గనక 3.9నే కొత్తదంటుంది. చుక్క దగ్గర విడదీసి, ఏ ముక్కకా ముక్క సంఖ్యగా పోలిస్తే చాలు. పది లైన్లు. మేనేజర్ ఆదర్శ్‌కు మెయిల్ పెట్టింది.

"నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకండీ?" అన్నాడు. ఆమె ఊరుకుంది.

నాలుగు నెలలకు 3.10 వచ్చింది. 3.9లో ఒక్కోసారి రిపోర్టులో అంకెల మధ్య చుక్క ఎగిరిపోతోంది, దాన్ని సరిచేయడానికే ఇది. సరిచేశామని ఆస్పత్రులకు చెప్పేశారు కూడా. స్క్రిప్టు మాత్రం మళ్లీ 3.9నే పంపింది. పొటాషియం 4.2 ఉండాల్సినచోట 42 కనిపించి, ఒక నర్సు అనుమానంతో ఫోన్ చేసింది.

మీటింగులో ఆదర్శ్ బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ డైరెక్టర్‌తో అన్నాడు: "సపోర్టులో మమత తప్పు ఫైలు పెట్టిందండి. కాంట్రాక్టు మనిషే, మార్చేద్దాం."

ఆ తాపీతనం చూసి నవనీతకు రోత పుట్టింది. బయట మమత ఆస్పత్రుల ఫోన్లకు క్షమాపణలు చెబుతోంది.

"మమత ఆ ఫైలు ముట్టనే లేదు సర్," అంది నవనీత. పాత మెయిల్ తెర మీద పెట్టింది.

"గట్టిగా చెప్పాల్సిందండి," అన్నాడు ఆదర్శ్, మూతి తుడుచుకుంటూ.

డైరెక్టర్ ఎవరినీ ఏమీ అనలేదు. సరిచేయడానికి ఎంతసేపు పడుతుందని మాత్రం అడిగాడు. నవనీత ఆ పది లైన్లు రాసింది. సాయంత్రానికల్లా పదకొండు ఆస్పత్రులకూ 3.10 చేరింది. మమత ఉద్యోగం నిలిచింది. వెంటనే స్పందించినందుకు ఆదర్శ్‌ను మెచ్చుకుంటూ అందరికీ మెయిల్ వచ్చింది.

"నాకోసం ఎందుకు పరేషాన్ అయినవ్ అక్కా?" అంది మమత క్యాంటీన్‌లో.

"నీకోసం ఒక్కటే కాదు. తెలిసి నాలుగు నెలలు ఊకున్న. వాళ్లను చూస్తే ఎంత రోతో, నన్ను చూసుకున్నా గంతే."

కంపెనీ ఆస్పత్రులకు పంపిన ఉత్తరంలో 'సాంకేతిక కారణాలు' అని మాత్రమే ఉంది. నవనీత ఆ నర్సుకు జరిగిందంతా విడిగా రాసింది, తను ఊరుకున్న సంగతితో సహా. కాపీ ఆదర్శ్‌కూ పెట్టింది. అప్పటినుంచి అతను ఆమెతో మాట్లాడడం మానేశాడు.