ఆగే రోజులు పద్నాలుగు

పొద్దున్నే తోటలోకి రాగానే అతను చూసేది ద్రాక్ష గుత్తుల్ని కాదు, వెదురుకర్రకి కట్టిన గుడ్డపేలికని. అది కదలకుండా వేలాడుతుంటే మందు కలుపుతాడు. కాస్త పక్కకి ఎగిరినా ట్యాంకు మూత బిగించేసి, చేతులు కట్టుకుని కూర్చుంటాడు. పంతొమ్మిదేళ్ళుగా ఈ తోటలో మందు కొట్టే పని అతనిది. వయసు నలభై ఏడు. పెళ్ళి చేసుకోలేదు. పంపు గదిని ఆనుకుని ఉన్న ఒంటి గదిలో ఉంటాడు.

తోటలో అందరూ అతన్ని పద్నాలుగు అంటారు. కోతకి ముందు కొట్టే బూజు మందుకి ఆగే రోజులు పద్నాలుగు. మందు పడ్డ రోజు నుంచి అన్ని రోజులు గడిచేదాకా ఆ సాలులో పండు కోయకూడదు, నోట్లో వేసుకోకూడదు. సాలు మొదట్లో ఎర్ర బోర్డు పాతి దాని మీద రెండు తేదీలు రాస్తాడు: మందు కొట్టిన రోజు, తినదగిన రోజు. పదమూడో రోజు సాయంత్రం తోట యజమానురాలి సొంత అల్లుడు ఒక పండు తెంపితే, అతని చేతిలోంచి లాక్కుని కాలవలో పారేశాడని చెప్పుకుంటారు. ఆకులు కత్తిరించే ఆడవాళ్ళ జట్టుకి పెద్ద అయిన కత్తెరమ్మ, అతని ఇంటికి భోజనానికి వెళ్ళొద్దని కొత్తవాళ్ళకి చెబుతుంది. వడ్డించేశాక పద్నాలుగు రోజులు ఆగి తినమంటాడట.

ద్రాక్షకి పట్టే బూడిదరంగు బూజుతో చిక్కేమిటంటే, అది కంటికి కనబడేసరికి పని అయిపోయి ఉంటుంది. పూత మీద ఉండగా వాన తగిలితే పువ్వులోంచి లోపలికి దూరి, కాయ పచ్చిగా ఉన్నన్నాళ్ళూ కిక్కురుమనకుండా కూర్చుంటుంది. పండులోకి తీపి దిగాక ఇంకో వాన పడితే లేస్తుంది. రెండు రోజుల్లో గుత్తంతా పిల్లి వెంట్రుకల్లాంటి నూగు. ముట్టుకుంటే పొగలా లేచి పక్క గుత్తి మీద వాలుతుంది. అందుకే మొదటి మందు పూత మీదే కొట్టాలి. తర్వాతది కాయలు ఒకదానికొకటి ఆనుకోకముందు, ఆ తర్వాతది రంగు తిరిగేటప్పుడు. కొట్టిన రకమే మళ్ళీ కొడుతుంటే బూజు దానికి అలవాటు పడిపోతుంది, మార్చి మార్చి కొట్టాలి. ఇవన్నీ అతనికి నేర్పింది అక్క.

అక్క అతనికంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక అతన్ని పెంచింది, పంపు భుజాన వేసి ఈ పనిలో పెట్టింది ఆవిడే. ఒక ఏడు ఎక్కడినుంచో తడిగుడ్డలో చుట్టి కొమ్మ ముక్కలు తెచ్చి, పంపు గది వెనక ఖాళీ జాగాలో రెండు సాళ్ళు నాటింది. తేనెరంగు పండ్లు, ఉల్లిపొరంత తోలు, గుత్తిలో వేలు దూరని ఇరుకు. బూజుకి అంతకంటే మంచి ఇల్లు దొరకదు. పెట్టెలో పెట్టి పంపితే రెండో రోజుకి చితికిపోతాయి. రసం తీసేవాళ్ళు అదే రోజు వచ్చి పట్టుకెళ్ళాలి, లేదా పాదు కింద నిలబడి ఎండ వెచ్చదనంతో అక్కడికక్కడే తినాలి. అక్క ఎప్పుడూ అలాగే తినేది.

పదకొండేళ్ళ కింద బావకి దూరపు ఊళ్ళో ఆసుపత్రి బాయిలరు దగ్గర ఉద్యోగం వచ్చింది. అక్క అదే ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో చేరింది. అక్కడ సెలవులు వంతుల ప్రకారం వస్తాయి. ఈ పదకొండేళ్ళలో ఆవిడ నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ కొమ్మలు నరికేశాక, పాదులు ఎండుకట్టెల్లా ఉన్న కాలంలోనే. తన సాళ్ళలోకి వెళ్ళి ఒక్కో మొదలూ తడిమి, బాగానే ఉన్నాయని తిరిగి వెళ్ళిపోయేది.

వారానికోసారి ఫోన్ చేస్తుంది. ముందు పాదులు, తర్వాత తమ్ముడు. పూత రోజుల్లో అయితే ఒకటే ప్రశ్న.

"వాసన వస్తోందా?"

"వస్తోంది."

"ఎలా ఉందిరా?"

"వాసనలాగే ఉంది."

"నీతో మాట్లాడేకంటే పంపుతో మాట్లాడటం నయం," అని పెట్టేస్తుంది. ద్రాక్షపూత వాసన ఎలా ఉంటుందో అతనికి తెలుసు, మాటల్లో పెట్టడం తెలియదు. ఫోన్ పెట్టేశాక మళ్ళీ వెళ్ళి ఆ సాళ్ళ మధ్య కాసేపు నిలబడతాడు.

పోయిన ఏడు పండ్ల కాలంలో వస్తానంది. కోతకి ముందు వాన పడింది. పద్నాలుగు రోజుల మందు కొడితే ఆవిడ వచ్చేసరికి ఎర్ర బోర్డు ఉంటుందని, ఆ రెండు సాళ్ళ వరకూ ఒక్క రోజు ఆగితే సరిపోయే మెత్తటి మందు కొట్టాడు. ఆవిడకి సెలవు దొరకలేదు. బూజుకి దారి దొరికింది. నూటికి పదకొండు గుత్తులు పాడయ్యాయి, రసంవాళ్ళు లారీ తిప్పేశారు. అంత జాగ్రత్తపరుడు అక్కడొక్కచోట మెత్తటి మందు ఎందుకు కొట్టాడో యజమానురాలు అడగలేదు. కత్తెరమ్మ అడగకుండానే తెలుసుకుంది.

ఈ ఏడు పూతకి ముందే యజమానురాలు అతన్ని పిలిచింది. పాడైన గుత్తులు నూటికి అయిదు దాటితే ఆ రెండు సాళ్ళూ పీకించేసి, మందపాటి తోలు రకం వేయిస్తానంది. కోపంగా చెప్పలేదు.

కాయలు రంగు తిరిగాక అక్క ఫోన్. పద్దెనిమిదో తేదీ నుంచి నాలుగు రోజుల సెలవు ఖాయమైంది, కాగితం మీద సంతకం కూడా పడింది, ఇరవై రెండు పొద్దున్నే తిరుగు బస్సు. కోత ఇరవై నాలుగున. ఈసారి పండ్లుంటాయి. అతను గదికి సున్నం వేయించి, మంచం తాళ్ళు బిగించాడు. ఎవరొస్తున్నారని కత్తెరమ్మ అడిగితే ఎవరూ లేరన్నాడు. ఎవరూ లేనివాళ్ళు రెండో దిండు కొనరని ఆవిడ అంది.

ఏడు, ఎనిమిది తేదీల్లో వాన పడింది.

తొమ్మిదో తేదీ తెల్లవారుజామున పేలిక నిశ్చలంగా ఉంది. ఆలోచించడానికేమీ లేదు: కొడితే సాళ్ళు ఉంటాయి, అక్క తినడానికి ఉండదు. ముందురోజే యజమానురాలి దగ్గరికి వెళ్ళి, రెండో సాలులో చివరి పాదు ఒక్కటి వదిలేస్తానని అడిగాడు.

"దానికి బూజు పడితే?"

"రోజూ నేనే ఏరేస్తాను అమ్మగారూ."

"పక్కదానికి పాకితే లెక్కలోకే వస్తుంది, చూసుకో," అందామె.

ఆ చివరి పాదుకి పంపు గది నుంచి తెచ్చిన పసుపు కాగితం ముక్క ఒకటి తగిలించాడు. నీటి చుక్క తగిలితే ఆ కాగితం మీద నీలం మచ్చ పడుతుంది. మందు ఎక్కడిదాకా వెళ్ళిందో చూసుకోవడానికి వాడతారు. ముసుగు పెట్టుకుని, గ్లౌజులు తొడుక్కుని, రెండు సాళ్ళూ మెల్లగా కొట్టుకుంటూ వచ్చాడు. చివరికి ఆరు పాదులు ఉండగా చెంపకి గాలి తగిలింది. తలెత్తి చూస్తే పేలిక చివరి పాదు వైపు తిరిగి ఉంది. పంపు ఆపేశాడు. గాలి పడిపోయాక మిగతావి పూర్తి చేసి, వెళ్ళి కాగితం చూశాడు.

ఏడు నీలం చుక్కలు.

మంచు పడినా చుక్కలు వస్తాయి. ఆ మాట తనకి తనే చెప్పుకుని కాగితం జేబులో పెట్టుకున్నాడు. బోర్డు మీద తేదీలు రాశాడు: తొమ్మిది, ఇరవై మూడు. చివరి పాదు ముందు బోర్డు పెట్టలేదు.

ఆ తొమ్మిది రోజులూ ఆ పాదుకి చేసిన సేవ తోటలో ఏ పాదుకీ జరగలేదు. గుత్తుల చుట్టూ ఆకులు తీసేసి గాలి ఆడనిచ్చాడు. రోజూ మధ్యాహ్నం సన్నమొన కత్తెరతో, నూగు లేచిన పండునల్లా పక్కవాటికి తగలకుండా తీసి మూత ఉన్న బకెట్లో వేసి, దూరంగా పాతిపెట్టాడు. కాగితం చొక్కా మార్చినప్పుడల్లా కొత్త చొక్కా జేబులోకి మారింది.

పద్దెనిమిది సాయంత్రం అక్క దిగింది. జుట్టు సగం తెల్లబడింది, సబ్బునీళ్ళకి చేతులు పాలిపోయి ఉన్నాయి. సంచీ గదిలో పెట్టి, నీళ్ళు కూడా తాగకుండా పంపు గది వెనక్కి నడిచింది. ఎర్ర బోర్డు దగ్గర ఆగి చదివింది. వేళ్ళ మీద లెక్కేసి అతని వైపు చూసింది.

"వాన పడిందా?"

"ఏడు, ఎనిమిది."

"మంచి పని చేశావు," అంది. అని, మళ్ళీ బోర్డు వైపే చూస్తూ నిలబడింది.

చివర ఒకటి వదిలానని అతను చెప్పాడు. ఆ మాటకి ఆవిడ నడక మారింది. సాలు చివరిదాకా ఇంచుమించు పరిగెత్తినట్టే వెళ్ళింది. ఆకులు తీసేసిన పాదు నిండా ఎండ పడుతోంది, గుత్తులు లోపల్నుంచి వెలుగుతున్నాయి. ఆవిడ ఒక గుత్తిని అరచేతిలోకి తీసుకుని బరువు చూసి, దగ్గరికి వంగింది. నోరు తెరిచింది కూడా. అక్కడ ఆగింది.

"కాగితం పెట్టావా?"

అతని చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది.

"నేను నేర్పిందేరా, పెట్టకుండా ఉంటావా. ఇలా తే."

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని వెలుగుకి ఎత్తి పట్టి చూసింది.

"మంచు పడింది అక్కా ఆ రోజు," అన్నాడు.

"మంచు అయితే చుక్క పెద్దగా ఉండి అంచు చెదిరిపోతుంది. ఇవి ఆవగింజలంత ఉన్నాయి." కాగితం మడిచి అతని జేబులోనే పెట్టింది. "నువ్వు నన్ను తినమనేవాడివా?"

"ఏమో."

"పద్నాలుగు అంట పేరు," అని నవ్వింది. తర్వాత, "బోర్డు ఒకటి తెచ్చి దీనికీ పాతు. పాపం కత్తెరమ్మ తింటుందేమో," అంది.

మిగిలిన రోజులు ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. గ్లౌజులు తొడుక్కుని, అతని కత్తెర తీసుకుని, ఆ చివరి పాదులో బూజు పండ్లు ఏరుతూ గడిపింది. అతను పక్కన బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో గుత్తీ ఎంత ముగ్గిందో వాసన చూసి చెప్పేది. ఇరవై ఒకటిన ఆసుపత్రికి ఫోన్ చేసి, రెండు రోజులు ఎక్కువ ఇవ్వమని అడిగింది. అవతలివాళ్ళు చెప్పింది విని, సరేనండీ అని పెట్టేసింది.

ఇరవై రెండు పొద్దున్న ఆరింటికి బస్సు. కిటికీలోంచి అతనికి ఆఖరి మాట చెప్పింది. వచ్చే ఏడు పూత మీద మందు మరిచిపోవద్దంది. పంతొమ్మిదేళ్ళలో అతను ఒక్కసారీ మరిచిపోలేదని ఆవిడకి తెలుసు.

ఇరవై నాలుగున కోత జరిగింది. యజమానురాలు తనే నిలబడి ఎంచింది. పాడైనవి నూటికి మూడు గుత్తులు. రసంవాళ్ళ లారీ నిండి వెళ్ళింది, సాళ్ళు పీకే మాట ఆగిపోయింది. చివరి పాదుని మాత్రం అతను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తనే కోసి, గుత్తుల్ని మెత్తటి కాగితంలో ఒక్కొక్కటిగా చుట్టి, పెట్టెలో ఒకే వరసగా పేర్చి, పార్సిల్ ఆఫీసులో ఇచ్చాడు. ఈ రకం ప్రయాణానికి ఆగదని అతనికంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. పెట్టె మీద నాలుగు పక్కలా 'అదిమి పెట్టవద్దు' అని రాశాడు.

పెట్టె మూడో రోజు చేరింది. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"మూత తీస్తే పిల్లి పడుకున్నట్టుందిరా," అంది. "అంతా బూడిదే. రసం కారి కాగితాలు అంటుకుపోయాయి."

అతను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఒక్కోటీ తీసి చూశాను. మూలన ఉన్న గుత్తిలో కొన్ని బాగున్నాయి. కడుక్కుని తిన్నాను."

"ఎన్ని?"

"పదకొండు. ఏడాదికొకటి."