బోణి బేరంలో పెప్లమ్

కరీంనగర్‌లో మూడు వేల ఎనిమిది వందలు చెప్పిన పెప్లమ్ టాపును పదిహేను వందలకు తెచ్చినదాన్ని నేను. చెల్లెలి నిశ్చితార్థానికి. అదీ చెల్లెల్ని వెంట తీసుకుపోకుండా. ఈ చివరి మాట కూడా గొప్పగానే చెప్పుకున్నాను, ఆ టాపు ఆమె ఒంటిమీదికి ఎక్కేదాకా.

మెట్‌పల్లిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. గల్లా పక్కన కూర్చుని పెరిగినవాళ్ళకు ఒక సంగతి తెలుసు: సామాను వాడబోయే మనిషి కొట్లోకి వస్తే ధర తగ్గదు. కొత్త కోడలు బిందెను చూసి మురిసిపోతే చాలు, ఇక బాపు రూపాయి దిగేవాడు కాదు. అందుకే చెల్లెలు "నేను సుత వస్త అక్కా" అంటే, "నీ ముఖం చూస్తే వాడు రేటు దింపడు, ఇంట్ల కూసో" అన్నాను. కొలతకు ఆమె పాత జాకెట్టు ఒకటి సంచిలో వేసుకున్నాను.

నిజానికి కార్యం మొత్తంలో ఆమె అడిగింది ఒక్కటే. పొద్దున కట్టే చీర అత్తగారివాళ్ళు పెట్టేది, నగలు అవ్వవి, వంటలు బాపు ఇష్టం. సాయంత్రం మాత్రం తనకు నచ్చింది వేసుకుంటానంది. ఫోన్‌లో చూపించింది కూడా: నడుము దాకా ఒంటికి పట్టి ఉండి, అక్కడి నుంచి చిన్న కుచ్చు విచ్చుకునే టాపు, కింద సన్నటి పొడుగు స్కర్టు. కరీంనగర్‌లోనే ఒక ఫిక్స్‌డ్ రేటు దుకాణంలో రెండూ కలిపి రెండు వేల రెండు వందలు. ఫిక్స్‌డ్ రేటుకు కొనడమంటే మా ఇంట్లో దారిలో పైసలు పారేసుకోవడం కింద లెక్క.

మొదటి బస్సుకే, ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్ మీద పోయి, షట్టర్ లేపే వేళకు మరో దుకాణం ముందు నిలబడ్డాను. బోణి గిరాకీని ఎవరూ ఊరికే పంపరు. చెల్లెలు చూపించినటువంటి టాపే బొమ్మకు తొడిగి ఉంది. విప్పించి చేతిలోకి తీసుకుని బరువు చూశాను. స్టీలు మేము తూకానికి అమ్ముతాం, బరువుంటేనే సరుకు. ఇది గంగాళంలా ఉంది. లోపల సంతోషపడి, పైకి ముఖం చిట్లించాను.

"పదిహేను వందలు," అన్నాను, వాడు చెప్పిన మూడు వేల ఎనిమిది వందలు విననట్టే.

"బోణి టైం. తీస్కపో అక్కా," అని దుకాణదారు నోట్లు కళ్ళకు అద్దుకున్నాడు.

గిట్టదని ఒక్కసారి కూడా అనలేదు. మా బాపు అంత తొందరగా ఒప్పుకునేది సొట్ట గిన్నె పోతున్నప్పుడే. అది తెలిసీ, గెలిచిన సంబరంలో బస్సెక్కాను. స్కర్టు కొనలేదు. ఇంట్లో పాత ఘాగ్రా ఉండగా ఎందుకు?

చెల్లెలు వేసుకుని వచ్చింది. భుజాలు, ఛాతీ సరిపోయాయి. జాకెట్టు కొలత అంతవరకే చెబుతుంది. నడుము దగ్గర ఉండాల్సిన కుట్టు తుంటి మీద కూర్చుంది. కుచ్చు లోపల గట్టి నెట్ ఉంది, నేను మురిసిన బరువంతా అదే. దాంతో కుచ్చు గొడుగులా నిలబడింది. దాని కింద ఘాగ్రా ఇంకో గొడుగు.

అవ్వ పైనుంచి కిందిదాకా చూసింది. "మంచిగనే ఉన్నది బిడ్డా. జర లోపలికి వచ్చేటప్పుడు తలుపు రెండు రెక్కలు తియ్యాలె."

చెల్లెలు నవ్వలేదు. "గింత పెద్ద కార్యంల నేను అడిగింది గిదొక్కటే అక్కా."

"రేపు పోయి వాపస్ ఇచ్చొస్త," అన్నాను.

బాపు పేపరు దించాడు. "బోణి సొమ్ము వాపస్ అడుగుతవా? మన కొట్ల ఎవలన్న గట్ల జేస్తే ఏమంటం?"

ఏమంటామో నాకు బాగా తెలుసు. అందులో సగం నేను అన్నవే.

కార్యం ఎల్లుండి. ఊళ్ళో టైలర్లు పెళ్ళి జాకెట్లలో మునిగి ఉన్నారు. చెల్లెలే అవ్వ మిషను ముందు కూర్చుని నా చేతికి బ్లేడు ఇచ్చింది. "నువ్వు కుట్లు ఇప్పు. నోరు మాత్రం ఇప్పకు."

విప్పుతుంటే చెప్పుకొచ్చింది. "గ్రీకోళ్ల కాలం ముచ్చటక్కా ఇది. పెద్ద బట్టను పైన మడిచి చుట్టుకొని, నడుముకు కట్టేటోళ్లు. ఆ మడత అంచు కుచ్చు లెక్క కిందికి పడేది. మల్ల రెండో ప్రపంచ యుద్ధం కాలంల బట్ట కరువొస్తే, కురచ కోటుకే జానెడు కుచ్చు పెట్టి ఫ్యాషన్ అన్నరు."

తక్కువ బట్ట, ఎక్కువ సోకు. ఆ ఆలోచన ఎవరిదో గాని మా కొట్లో కూర్చోవాల్సిన మనిషి.

"కుచ్చు సన్న నడుముకాడ మొదలైతేనే అందం. తుంటికాడ మొదలైతే తుంటినే చూపిస్తది. పైన ఇచ్చుకుంటే కింద సన్నగుండాలె."

"మరి బొమ్మకు మంచిగుండె."

"బొమ్మ ఆరడుగులు ఉంటదక్కా. దానికి నిశ్చితార్థం లేదు."

కుట్టును నాలుగు వేళ్ళు పైకి జరిపింది. నెట్ పీకేసింది. స్కర్టు బట్టకు మాత్రం ఈసారి ఆమెను వెంటబెట్టుకుని బజారుకు పోయాను. చిలకపచ్చ తాను చూడగానే ఆమె ముఖం వెలిగింది. దుకాణంవాడు అది చూశాడు. వాడు చూడటం నేనూ చూశాను. ఒక్క రూపాయి తగ్గించలేదు. నేనూ అడగలేదు.

నిశ్చితార్థం సాయంత్రం చెల్లెలు తనే కుట్టుకున్న స్కర్టు మీద ఆ టాపు వేసుకుని గదిలోంచి వచ్చేటప్పుడు తలుపు ఒక రెక్కే తీశారు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు చెల్లి మా చెల్లెలి చుట్టూ తిరిగి చూసి, "యాడ కొన్నవ్ వదినా?" అంది.

"మా అక్క కొన్నది," అంది చెల్లెలు. నా పరువు ఎంత దూరం పోతుందో చూసుకుని, "నేను బాగు చేసిన," అంది. అని ఒక చుట్టు తిరిగింది. కుచ్చు విచ్చుకుని, మళ్ళీ నడుము దగ్గర బుద్ధిగా సర్దుకుంది. ఫొటోలన్నింట్లో ఆమె నవ్వుతూనే ఉంది.

ఇక లెక్క. టాపు పదిహేను వందలు. స్కర్టు బట్ట ఏడు వందలు. జిప్పు, దారం వంద. బస్సు సున్నా. పీకేసిన నెట్ అవ్వ వడియాల మీద కప్పింది. దాన్ని లాభంలో రాసుకుంటానంటే చెల్లెలు ఒప్పుకోలేదు. కుట్టుకూలి ఎనిమిది వందలు అంది. ఐదు వందలు అన్నాను. ఆమె కోపపడలేదు, తగ్గలేదు, చాపిన చెయ్యి అలాగే ఉంచింది. ఎనిమిది వందలూ ఇచ్చాను.

మొత్తం మూడు వేల ఒక వంద. ఫిక్స్‌డ్ రేటు దుకాణంలో రెండు వేల రెండు వందలు. నా బేరం ఖరీదు తొమ్మిది వందలు.