‘అట’ లేని మాట

పోయిన మంగళవారం సారు కన్నుమూశారు. ఆ కబురు నాకు చెప్పింది యూసుఫ్‌గూడలో టీకొట్టు ఆయన. “సారు పోయిండు. మీకు ఎరుక లేదా?” అన్నాడు. సారు పోయారన్న బాధకంటే ముందు, నాకు తెలియంది ఇతనికెలా తెలిసిందన్న కుళ్ళు పుట్టింది. ఆయన విషయంలో నా బుద్ధి మొదటినుంచీ ఇంతే.

ఎనభైల చివర్లో నేను తెనాలి నుంచి వచ్చి, మధురానగర్‌లో గది తీసుకుని, ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాత ఆఫీసులో మాటలు రాయడానికి కుదిరాను. రాజుల కథ తీస్తున్నారు. తప్పులు దొర్లకుండా చూడమని, హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన సారును పెట్టుకున్నారు. సోడాబుడ్డి కళ్ళద్దాలు. కాగితం ముక్కుకు ఆనించుకుని చదివేవారు.

మొదటి రోజే దర్శకుడు, “అసలు చరిత్ర అంటే ఏంటండీ?” అని అందరినీ అడిగాడు. ఊరుకోవచ్చుగా! “హిస్టరీ అంటే హిజ్ స్టోరీ అండీ, రాజుగారి కథ” అన్నాను. గదంతా చప్పట్లు.

సారు కూడా నవ్వారు. “మంచిగున్నది బిడ్డా. గని అది గ్రీకుల మాట. ఇంగ్లీషు ‘హిజ్’తోని దానికి చుట్టరికం లేదు. అడిగి తెలుసుకునుడు అని అర్థం.”

అక్కడితో ఆగారా? చరిత్ర అన్న మాటలో ఉన్నది నడక, నడత అన్నారు. “మీరు హీరో తారీఖుల కోసం తిరుగుతున్రు గదా. ఉర్దూల తారీఖ్ అంటే చరిత్ర సుత” అన్నారు. ఇతిహాసం దగ్గర వేలు పైకెత్తారు. “ఇతి, హ, ఆస. ఇట్లనే జరిగింది అని. జరిగిందట అని కాదు. అండ్ల ‘అట’ లేదు.”

మర్నాటికి దర్శకుడి పక్క కుర్చీ ఆయనదైంది. నా కుర్చీ గుమ్మం దగ్గరికి జరిగింది. నేను రాసిన ప్రతి కాగితం ఆయన ఎర్ర పెన్సిలు కిందికి వెళ్ళేది. బాగున్న చోట ‘శభాష్’ అని కూడా రాసేవారు, అది మరీ మండేది. ఇంటినుంచి సర్వపిండి తెచ్చి నాకు పెట్టేవారు. తింటూనే ఆయన మీద ఏడ్చేవాణ్ణి.

తర్వాతి సినిమాకి ముందు మేనేజరుతో మెల్లగా అన్నాను: “సారుకి కళ్ళు బొత్తిగా కనబడటం లేదటండీ. పాపం, చదవలేకపోతున్నారట.”

ఎవరూ అనలేదు. ఆ ‘అట’ నాదే. సారు ఇంటికి ఆఫీసు కారు వెళ్ళడం ఆగిపోయింది.

వారం చూసి సారు నడుచుకుంటూ వచ్చారు. మేనేజరు నసుగుతూ కళ్ళ సంగతి చెప్పాడు. సారు తిన్నగా నా గదికొచ్చి, బల్లమీది కాగితం తీసుకుని, పైనుంచి కిందిదాకా బిగ్గరగా చదివి, ఒక ఒత్తు దిద్ది వెళ్ళిపోయారు. ఎవరు పుట్టించారని అడగలేదు. హిస్టరీ అంటే అడిగి తెలుసుకోవడమని చెప్పిన మనిషి ఆ ఒక్కటీ అడగలేదు. అంత మనసు నాకు లేదే అని దానిమీదా ఏడ్చాను.

మొన్న ఆఫీసులో రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. అయ్యాక మేనేజరు, “పాపం, సారుకి ముందే కళ్ళు పోయాయటగా” అన్నాడు. పక్కనున్న కుర్రరచయితలు తలలూపారు. నా అబద్ధం వాళ్ళకి ఆయన చరిత్ర అయిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. సారు కళ్ళు పోలేదు. పోయాయని పుట్టించింది నేను, ఓర్వలేక. ఇట్లనే జరిగింది.

ఆ రెండో సినిమా విడుదలైన వారం, యూసుఫ్‌గూడలో ఒక గోడ ముందు సారు కనబడ్డారు. పోస్టరుకి ముక్కు ఆనించి, అడుగున ఉన్న పేర్ల మీద వేలు పెట్టి జరుపుతున్నారు. తప్పుకుపోదామనుకునేలోగా నా చెప్పుల చప్పుడు పోల్చుకున్నట్టున్నారు. వేలు ఒకచోట ఆగింది.

“నీ పేరు చీమంత ఏసిన్రు బిడ్డా,” అన్నారు, ఇటు తిరక్కుండానే. “నాకైతే మంచిగనే కనబడుతున్నది.”