అమ్మ బొటనవేలు

విశాఖలో కొన్న ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కి పొద్దుటి నుంచి వరుసలో నిలబడి, అలసిపోయి మిషను మీద వేలు పెట్టాను. ఒక్కసారికే ముద్ర పడింది.

నా ఏడో ఏట ఉద్దానం నుంచి పలాస వచ్చేసి, అమ్మ పేరున రెండు గదుల ఇల్లు కొన్నాం. ఆ రోజు ఆఫీసులో అమ్మ బొటనవేలికి సిరా రాసి ఎన్నిసార్లు అద్దినా నల్లటి మచ్చే పడింది.

"గీతలేటైపోనాయమ్మా?" అని గుమస్తా విసుక్కున్నాడు.

"జీడిపిక్కలు కొట్టిన సెయ్యి బాబూ. ఆ పెంకుల్లో నూనె గీతల్ని తినేసింది."

చేతులు మురికిగా ఉంటే ఇల్లివ్వరేమోనని భయపడి, అమ్మని కుళాయి దగ్గరికి లాక్కెళ్లి వేలిని ఇసుకతో తోమాను. అమ్మ ఓపిగ్గా చెయ్యి అప్పగించి, "తోమకే తల్లీ, ఉన్న రెండు గీతలూ పోతాయి" అంది. చివరికి ఆ మచ్చతోనే సరిపెట్టారు.

ఇవాళ నా వేలు చూసుకున్నాను. గీతలన్నీ ఉన్నాయి. అమ్మ నా చేత ఒక్క పిక్కా కొట్టించలేదు.